నాలుగు జతల గజ్జెలు

మా ఇంట్లో నాలుగు జతల గజ్జెలున్నాయి. ఒక జత విజయవాడలో కొన్నది, ఒకటి ఆవడిలో, ఒకటి భువనేశ్వర్‌లో, నాలుగోది ఈ మధ్యే కోల్‌కతా చిత్‌పూర్ రోడ్డులో. మొదటి జత ఇప్పుడు మా అమ్మాయి కాలికి పట్టదు. తోలుపట్టీ కురచైపోయింది. అయినా బదిలీ వచ్చిన ప్రతిసారీ దాన్ని పాత తువ్వాలులో చుట్టి తన స్కూలు బ్యాగులోనే పెట్టుకుంటుంది. లారీ సామానులో వెయ్యనివ్వదు.

మేమిద్దరం బదిలీ ఉద్యోగాల వాళ్లమే. మాలో ఒకరం మీకు తెలుగు చెప్పే టీచరు, ఇంకొకరం ఆడిట్ ఆఫీసు ఉద్యోగి. పద్నాలుగేళ్లలో ఇది మాకు ఐదో ఊరు. ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఇది వింతేమీ కాదు. అట్టపెట్టెల మీద మార్కరు పెన్నుతో 'వంటిల్లు', 'దుప్పట్లు', 'పగిలేవి' అని రాయడం మీకూ అలవాటే. అందుకే కిందటి నవంబరులో మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలనిపించింది. ముందు మా అమ్మాయిని అడిగాం. "రాయండి గానీ నా పేరు వద్దు" అంది. సరేనన్నాం.

పూజ సెలవులు అయ్యాక ఒక శుక్రవారం సాయంత్రం తను బడి నుంచి ఒక ఫారం తెచ్చింది. జనవరిలో పాఠశాలల మధ్య నృత్య పోటీలు. ఫారంలో సోలో విభాగం కింద గళ్లు గీసి ఉన్నాయి. కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ, కథక్, మరికొన్ని. వాటి కింద చిన్న అక్షరాల్లో, ఒక విద్యార్థి ఎన్ని సోలో విభాగాల్లోనైనా పాల్గొనవచ్చు అని ఉంది. సోమవారానికల్లా తల్లిదండ్రుల సంతకంతో ఇవ్వాలి.

మాలో ఆడిట్ పక్షం వెంటనే పెన్సిల్ తీసి నాలుగు గళ్లలోనూ టిక్కులు పెట్టింది. తెలుగు టీచరు పక్షం అడ్డు చెప్పలేదు. అమ్మాయికి నాలుగూ వచ్చు కదా, నాలుగూ చేస్తే ఒక్కటైనా బహుమతి రాకపోతుందా అన్నదే మా ఇద్దరి లెక్క. వచ్చే ఏడాది తొమ్మిదో తరగతికి వస్తే కళా ఉత్సవ్ ఉంది. 2015లో మొదలైన ఆ పోటీలు 9 నుంచి 12 తరగతుల పిల్లలకు. సీసీఆర్‌టీ వారి స్కాలర్‌షిప్పుకు 10 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లలే అర్హులు. మా అమ్మాయికి పదమూడు నడుస్తోంది. ఇలాంటి లెక్కలు మీ ఇళ్లలోనూ భోజనాల దగ్గర వినబడుతూనే ఉంటాయి.

అసలు ఒక పిల్లకు నాలుగు నృత్యాలు ఎలా వచ్చాయో చెప్పాలి.

విజయవాడలో ఐదో ఏట కూచిపూడి మొదలుపెట్టింది. మాష్టారు పెద్దాయన. చేతిలో చిన్న కర్ర, ముందు చెక్క పలక. ఆ కర్రతో తాళం వేస్తూ, తప్పు చేస్తే అదే కర్రతో గాలిలో బెదిరించేవారు. మాకు ఆవడికి బదిలీ అయినప్పుడు మా పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏం చెయ్యాలో తోచక, సామాను విప్పకముందే దగ్గర్లో భరతనాట్యం క్లాసులో చేర్పించాం. "ఇదీ అలాంటిదేనమ్మా" అని నచ్చచెప్పాం. భువనేశ్వర్ వెళ్లినప్పుడు అక్కడి గురుమా దగ్గర ఒడిస్సీలో చేర్పించాం. కోల్‌కతా వచ్చాక మొదట ఒడిస్సీకీ భరతనాట్యానికీ ఇక్కడ క్లాసులు వెతికాం. ఏడాది తిరిగేసరికి కథక్ కూడా కలిసింది. విజయవాడ మాష్టారు మాత్రం ఆదివారం పొద్దున్నే ఫోనులో గంటసేపు పాఠం చెబుతూనే ఉన్నారు.

బయటివాళ్లకు ఇదంతా మా పిల్ల తెలివిలా కనబడేది. నిజం చెప్పాలంటే ప్రతి బదిలీకీ మేమిచ్చిన ఓదార్పు అది. ఊరు తీసేసుకుని ఆ ఊరికి బదులుగా ఒక నాట్యం చేతిలో పెట్టేవాళ్లం. అది ఏడుపు మానేది. మేము ఊపిరి పీల్చుకునేవాళ్లం.

ఆ శుక్రవారం రాత్రి ఫారం బల్ల మీద ఉండగానే, రబ్బరు కోసం దాని జామెట్రీ పెట్టె తెరిచాం. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది. అంతకుముందు జనవరిలో ఒక పోటీలో న్యాయనిర్ణేత ఇచ్చిన మార్కుల చీటీ. ఆ రోజు మా పిల్ల మూడు సోలోలు చేసింది. ఒడిస్సీకి మొదటి బహుమతి వచ్చింది. ఆ కప్పు మా ముందు గదిలోనే ఉంది. కూచిపూడి చీటీ మాకు చూపించలేదు. దాని మీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసి ఉంది. పాదాలు కూచిపూడివి, నడుము ఒడిస్సీది అని దాని అర్థం.

నృత్యం నేర్చుకోని వాళ్లకోసం కొంచెం వివరిస్తాం. భరతనాట్యంలో మోకాళ్లు పక్కకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడతారు. అది అరమండి. కూచిపూడిలోనూ ఆ నిలకడ ఉంది గానీ కదలికలో తూగు ఎక్కువ, పాత్రలా మాట్లాడినట్టు ఉంటుంది. ఒడిస్సీలో చౌక అని నలుచదరంగా నిలబడేది ఒకటి, మెడ దగ్గర, నడుము దగ్గర, మోకాలి దగ్గర మూడు వంపులు తిరిగే త్రిభంగి ఒకటి. ఛాతీ పక్కలకు కదులుతుంది. కథక్‌లో ఇవేవీ లేవు. మోకాళ్లు వంచకుండా నిటారుగా నిలబడి, అరికాలితో నేలను కొట్టాలి, చక్రంలా తిరగాలి. కాలికి వందకు పైగా గజ్జెలు దారంతో అల్లి కడతారు. మణిపురిలో అయితే అడుగు చప్పుడే వినబడకూడదు. రాసలీల ఆడే అమ్మాయిలు గజ్జెలే కట్టరు.

ఇవన్నీ ఒకే శరీరం నేర్చుకోవాలి. సోమవారం వంగాలి, మంగళవారం నిటారుగా నిలబడాలి. మనసు ఇది కూచిపూడి, ఇది ఒడిస్సీ అని విడదీసి చూస్తుంది. వేదిక మీద భయమేసినప్పుడు శరీరం మాత్రం ఏది బాగా అలవాటైతే దాన్నే పట్టుకుంటుంది. మండూక శబ్దం చేస్తుండగా మా పిల్ల నడుము అలాగే ఒడిస్సీ వైపు జారింది.

ఆ చీటీ చూశాక పెన్సిల్ టిక్కుల మీద మా ఇద్దరికీ వాదన మొదలైంది.

ఆడిట్ పక్షం వాదన యామినీ కృష్ణమూర్తి గురించి. మన మదనపల్లెలో 1940లో పుట్టిన ఆవిడ భరతనాట్యం, కూచిపూడి, ఒడిస్సీ మూడూ చేయలేదా? 2016లో పద్మవిభూషణ్ అందుకోలేదా? వాదన గట్టిదే. తెలుగు పక్షం ఆవిడ జీవితం గురించి దొరికినంత చదివింది. మూడు చేసిన మాట నిజమే. అయితే మూడూ ఒకేసారి మొదలవలేదు. చిన్నతనంలో మద్రాసు కళాక్షేత్రంలో చేరి ఏళ్ల తరబడి భరతనాట్యమే నేర్చుకున్నారు. 1957లో మొదటి ప్రదర్శన ఇచ్చింది అందులోనే. కూచిపూడి, ఒడిస్సీ గురువుల దగ్గరకు వెళ్లేనాటికి ఆవిడకు సొంత ఇల్లులాంటి నాట్యం ఒకటి స్థిరపడి ఉంది.

తెలుగు పక్షం వాదనలోనూ ఒక లొసుగు ఉంది. "మనది కూచిపూడి, అదొక్కటే ఉంచుదాం, మిగతావి మానేద్దాం" అన్నాం మొదట. కానీ కూచిపూడిలో సోలో అన్నదే పాత సంగతి కాదు. కృష్ణా జిల్లా కూచిపూడిలో అది ఊరంతా కలిసి ఆడే నాటకం. మగవాళ్లే ఆడవేషాలు కట్టి భామాకలాపం ఆడేవారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి గురువులు ఊరి బయటివాళ్లకు, ఆడపిల్లలకు నేర్పడం, ఒక్కరే ఆడే అంశాలు కూర్చడం, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టడం, ఇవన్నీ ఇరవయ్యో శతాబ్దపు మాటలు. 'మనది, పాతది' అన్న ఒక్క కారణం చెప్పి మిగతావి వదిలెయ్యమంటే అది న్యాయం కాదు.

పైగా మేమున్నది కోల్‌కతాలో. ఈ నగరానికి చాలా నాట్యాలు మనలాగే ఊరు మారి వచ్చాయి. 1856లో అవధ్ రాజ్యం పోగొట్టుకున్న నవాబు వాజిద్ అలీ షా ఇక్కడ మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డాడు. 1887లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు. లక్నో కథక్, ఠుమ్రీ ఆయన కొలువుతో పాటు హుగ్లీ ఒడ్డుకు వచ్చాయి. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో సిల్హెట్‌లో మణిపురి నాట్యం చూసి ముచ్చటపడి శాంతినికేతన్‌కు మణిపురి గురువులను పిలిపించారు. ఆ నాట్యం ఆయన నృత్యనాటకాల్లోకి వచ్చింది. కేరళ నుంచి వచ్చిన గోవిందన్ కుట్టి, తంకమణి కుట్టి దంపతులు ఇక్కడ కళామండలం పెట్టి బెంగాలీ పిల్లలకు భరతనాట్యం, మోహినీఆట్టం, కథాకళి నేర్పారు. ఉదయ్ శంకర్ 1938లో అల్మోరాలో కేంద్రం పెట్టినప్పుడు కథాకళికి, మణిపురికి, భరతనాట్యానికి వేర్వేరు గురువులను ఒకే చోటికి తెచ్చాడు. ఆయన చివరి రోజులు గడిచింది ఈ నగరంలోనే. ఇలాంటి ఊళ్లో ఉండి పిల్లతో ఒక్కటే నేర్చుకోమని ఎలా చెప్తాం?

శనివారం పొద్దున్న వాదన ఆపి కాగితం మీద లెక్క వేశాం. ఆడిట్ పక్షానికి అది ఇష్టమైన పని. కథక్ వారానికి మూడు గంటలు. ఒడిస్సీ మూడు. భరతనాట్యం రెండు. కూచిపూడి ఫోనులో ఒకటి. మొత్తం తొమ్మిది గంటల పాఠం. బస్సు, మెట్రో, ఆటో కలిపి వారానికి ఐదుసార్లు రానుపోను ఆరు గంటల పైచిలుకు. ఇంట్లో సొంతంగా చేసే సాధన ఎంత అని చూస్తే, నాలుగింటికీ కలిపి రెండు గంటలు. అంటే ఒక్కొక్కదానికి వారానికి అరగంట.

ఆ అంకె మా ఇద్దరి నోళ్లూ మూయించింది. మేము బళ్లో చెప్పేది ఏమిటి? తరగతిలో విన్నది ఇంట్లో ఒకసారి చదువుకోకపోతే నిలవదని రోజూ చెప్తాం. మా పిల్ల విషయంలో పాఠాలు కూడబెట్టాం, సాధన మర్చిపోయాం. వానాకాలంలో దానికి మోకాలి కింద ఎముక నొప్పి వచ్చింది. డాక్టరు రెండు వారాలు ఆట మాన్పించి, "ఎక్కడ ప్రాక్టీసు చేస్తావు?" అని అడిగారు. డాబా మీద, ఉత్త సిమెంటు నేల మీద. అప్పుడు కూడా నేలను తప్పుపట్టి చాప కొన్నాం గానీ గంటలు లెక్కపెట్టలేదు.

మా ఇంట్లో భాషల సంగతీ ఇలాగే ఉంది. ఐదు ఊళ్లు తిరిగిన పుణ్యమా అని తమిళంలో కూరలు బేరమాడగలం, ఒడియాలో ఆటో పిలవగలం, బెంగాలీలో చేపల ధర అడగగలం. ఇవన్నీ పనికొచ్చేవే. అయినా అమ్మమ్మ పోయిన రోజు ముగ్గురం తెలుగులోనే ఏడ్చాం. ఆ భాషలో మేము ఒక్కరోజూ సాధన మానలేదు కాబట్టి అది తోడుంది. మిగతా భాషలు చుట్టాల్లా వచ్చాయి, పోయాయి, మళ్లీ కనబడితే పలకరిస్తాయి.

అలా మా ఇద్దరికీ ఒక మాట కుదిరింది. నాలుగు వద్దు, రెండు చాలు. కూచిపూడి ఒకటి, బహుమతి తెచ్చే ఒడిస్సీ ఒకటి. ఆదివారం మధ్యాహ్నం ఆ మాట అమ్మాయికి చెప్పాం. మంచి తీర్పు చెప్పామన్న తృప్తి మా ఇద్దరి మొహాల్లోనూ ఉండే ఉంటుంది.

అది ఫారం వైపు చూసి, "నాన్నా, మనం ఇక్కడ ఇంకా ఎన్నాళ్లుంటాం?" అంది.

"చెప్పలేం తల్లీ. ఇంకో ఏడాది ఉండొచ్చు, రెండేళ్లూ ఉండొచ్చు."

"అయితే నాకు సోలో ఒక్కటే చాలు. కూచిపూడి. కింద ఇంకో గడి ఉంది చూడండి, అది కావాలి."

చూశాం. అప్పటిదాకా మా కళ్లు ఆ గడి మీద పడనే లేదు. అందులో 'బృంద నృత్యం' అని ఉంది.

"గ్రూపా?" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఒడిస్సీలో కప్పు తెచ్చిన పిల్ల గుంపులో ఎందుకు అన్న ధ్వని మా గొంతులో ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

అప్పుడు అది చెప్పిన మాటలు గుర్తున్నంత వరకు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాం.

"ప్రతి కొత్త స్కూల్లో నేను సోలోనే చేశాను. నేను చేరేసరికి గ్రూపులు అయిపోయుంటాయి. డాన్స్ వచ్చంటే 'అయితే సోలో చెయ్యి' అంటారు. మీరేమో సోలో వచ్చిందని సంతోషపడతారు. ప్రోగ్రాం రోజు మేకప్ రూములో వాళ్లందరూ ఒకళ్ల జడ ఒకళ్లు అల్లుకుంటారు. ఒకళ్ల పిన్ను ఇంకొకళ్లు పెడతారు. నాకు అమ్మ పెడుతుంది. నాకు ఈసారి వాళ్లతో ఉండాలి. క్లాసులో వాళ్లు చిత్రాంగద చేస్తున్నారు, సఖుల్లో ఒకమ్మాయి తక్కువైంది."

మా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలుగు పక్షమే మెల్లగా అడిగింది. "మరి ఒడిస్సీ? అందులోనే కదా నీకు ఫస్టు వచ్చింది?"

"ఒడిస్సీ అంటే ఇష్టమే అమ్మా. నేర్చుకుంటా. కథక్ కూడా. పోటీకి వద్దు. పోటీకి అంటే రోజూ అదే చెయ్యాలి, కూచిపూడి మళ్లీ పాడవుతుంది."

"కూచిపూడికే ఎందుకు?"

కాసేపు ఆలోచించింది. "మిగతా చోట్ల అందరూ నన్ను మెచ్చుకుంటారు. కొత్తపిల్ల కదా, బాగా చేస్తోంది అంటారు. మాష్టారు ఒక్కరే తిడతారు. ఆయనకి నేను ఐదేళ్లప్పటి నుంచి తెలుసు."

ఆడిట్ పక్షం రబ్బరు తీసుకుని మూడు టిక్కులు చెరిపేసింది. నాలుగో టిక్కును పెన్నుతో దిద్దింది. బృంద నృత్యం గడిలో టిక్కు మా అమ్మాయే పెట్టుకుంది.

ఆ తర్వాత వారం మార్చుకున్నాం. భరతనాట్యం క్లాసు మాన్పించాం. నేర్చుకున్న అడవులు ఎక్కడికీ పోవు, కూచిపూడి పాదానికి అవి బలమే. ఒడిస్సీ, కథక్ వారానికి ఒక్కొక్క రోజు చొప్పున పెట్టుకున్నాం. ఆ క్లాసులకు వెళ్లేటప్పుడు పోటీ మాట ఎత్తకూడదని మాకు మేమే నిబంధన పెట్టుకున్నాం. అది పాటించడం పిల్ల కన్నా మాకే కష్టమైంది. కథక్ నేర్పే దీదీకి భయపడుతూనే చెప్పాం. ఆవిడ నవ్వి, "పోటీ లేకుండా నేర్చుకునే పిల్ల ఒక్కతైనా ఉండనివ్వండి" అన్నారు. మిగిలిన సమయంలో రోజూ ముప్పావు గంట కూచిపూడి, చాప మీద. బడి అయ్యాక వారానికి రెండు రోజులు చిత్రాంగద రిహార్సలు.

1936లో రవీంద్రనాథ్ నృత్యనాటకంగా మలిచిన ఆ చిత్రాంగద, మణిపురం రాకుమారి కథ. సఖుల్లో మా పిల్లది వెనక వరుస. ఎడమ నుంచి రెండో అమ్మాయి. ఇక్కడ దానికి కొత్త కష్టం ఎదురైంది. ఒంటరిగా ఆడేవాళ్లకు తాళం ఒక్కటే తోడు. గుంపులో పక్కపిల్ల చెయ్యి ఎంత ఎత్తు లేస్తే మన చెయ్యీ అంతే లేవాలి. మొదటి రెండు వారాలు "నువ్వు ముందుకొచ్చేస్తున్నావ్" అని అందరి చేతా అనిపించుకుంది. ఒకరోజు ఇంటికొచ్చి ఏడ్చింది. మర్నాడు మళ్లీ వెళ్లింది. మూడో వారం నుంచి ఫోనులో బెంగాలీ మాటలు, నవ్వులు వినబడటం మొదలైంది. మాకు సగం అర్థం కాలేదు. అర్థం కాకపోయినా బాగానే ఉంది.

జనవరిలో పోటీలు అయ్యాయి. కూచిపూడి సోలోకి బహుమతి రాలేదు. ఒడిస్సీ విభాగంలో గెలిచిన అమ్మాయి ఆట చూస్తున్నప్పుడు మా ఇద్దరికీ లోపల ఒక మూల చురుక్కుమన్న మాట దాచడం ఎందుకు? మా అమ్మాయికీ అనిపించిందేమో, కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన మార్కుల చీటీ తనే తెచ్చి మాకు చూపించింది. తాళం నిలకడగా ఉంది, అభినయం ఇంకా పెరగాలి అని ఉంది. నడుము గురించి ఏమీ లేదు. దాన్ని జామెట్రీ పెట్టెలో దాచలేదు, ఫ్రిజ్ తలుపుకు అంటించింది. చిత్రాంగద బృందానికి రెండో బహుమతి వచ్చింది. ఆ రోజు మేకప్ రూములో మేము పిన్నుల డబ్బా పట్టుకుని అరగంట నిలబడ్డాం. మమ్మల్ని ఎవరూ పిలవలేదు.

ఇక మీ సంగతి. మీకు సోలో ఒకటే ఉండాలని మేము చెప్పడం లేదు. మన బళ్లోనే రెండు శైలులు హాయిగా చేసుకునే పిల్లలున్నారు. ఎన్ని అన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే అంకె ఉండదు. మేము తెలుసుకున్న నాలుగు మాటలు మాత్రం చెప్తాం. నృత్యానికే కాదు, పాటకు, చదరంగానికి, ఈతకు కూడా పనికొస్తాయేమో చూడండి.

కొత్తది మొదలుపెట్టే ముందు, ఉన్నదానిలో మీ సాధన గంటలు పాఠం గంటల కన్నా ఎక్కువున్నాయో లేదో ఒక కాగితం మీద రాసుకోండి. తక్కువుంటే మీకు కావలసింది ఇంకో క్లాసు కాదు, ఖాళీ సాయంత్రం. రెండోది, వచ్చే బదిలీలో మీతో పాటు రాగలిగేది ఏదో చూసుకోండి. దాన్ని పోటీకి పెట్టుకోండి. ఉన్న ఊరు ఇచ్చేదాన్ని సంతోషంగా నేర్చుకోండి, దాని మీద బహుమతుల బరువు పెట్టకండి. మూడోది, మిమ్మల్ని మెచ్చుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. తప్పు చెప్పేవాళ్లు దొరికితే, ఫోనులోనైనా సరే, వదులుకోకండి. నాలుగోది అమ్మానాన్నలతో మాట్లాడటం. మేము ప్రతి ఊళ్లోనూ మంచే చేస్తున్నామనుకుంటాం. మీరు చెప్పకపోతే ఫారంలో ఆ కింది గడి మాకు కనబడదు.

పోటీ వీడియో మాష్టారికి పంపించాం. ఆదివారం పొద్దున్న ఆరున్నరకు ఫోను మోగింది. మేము వంటింట్లోంచి వింటున్నాం. బహుమతి గురించి ఆయన ఒక్క మాటా అడగలేదు.

"ఎడం చెయ్యి ఎందుకమ్మా అలా వేలాడేశావ్? కప్ప కథ చెప్తున్నావా, బట్టలు ఆరేస్తున్నావా?"

"తప్పయింది మాష్టారూ" అంది మా అమ్మాయి. అని నవ్వింది. కాసేపటికి చాప పరిచిన చప్పుడు, ఆ తర్వాత గజ్జెల చప్పుడు వినిపించాయి.